దర్వాజ మీది పెన్సిలు గీతలు

బాలానగర్‌లో మా రెండు గదుల ఇంటి లోపలి దర్వాజకి ఎడమవైపు చెక్క మీద పదకొండు పెన్సిలు గీతలున్నాయి. 2011 నుంచి 2021 దాకా ప్రతి ఏడూ మా అమ్మాయి పుట్టినరోజు పొద్దున గీసినవి. చెప్పులు లేకుండా, మడమలు చెక్కకి ఆనించి నిలబెట్టి, తల మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి గీసేవాణ్ణి. పక్కన తేదీ రాసేవాణ్ణి. ఈలోపు ఇంటికి రెండుసార్లు రంగులు వేయించాం గానీ ఆ చెక్క జోలికి మాత్రం పెయింటరుని రానివ్వలేదు. 2020 గీత, 2021 గీత ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మధ్యలో సందు లేదు. మా అమ్మాయి పై దవడకి ఆపరేషన్ ఎప్పుడు చేయాలో తేల్చినప్పుడు డాక్టర్ల ఎక్స్‌రేలతో పాటు ఆ రెండు గీతలు కూడా లెక్కలోకి వచ్చాయి.

మా అమ్మాయి 2005లో గ్రహణం మొర్రితో పుట్టింది. ఎడమవైపు పెదవి, చిగురు, అంగిలి మూడూ చీలి ఉన్నాయి. ఐదో నెలలో పెదవి కుట్టారు. ఏడాది నిండాక అంగిలి మూశారు. ఆ రోజు నేను పనిచేసే షెడ్డులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. పని అయిపోయిందనుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ళకు పైగా బిడ్డని మళ్ళీ ఆ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. పెదవి అతుక్కుంది, అన్నం తింటోంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ నాలుగేళ్ళే. నాలాగే మైసూర్‌పాక్ పంచి ఇంటికెళ్ళిపోయిన తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. మొర్రికి ముందు గ్రహణం ఎట్లా వచ్చి చేరిందో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. పాప పుట్టిన రెండో రోజే మా అమ్మ నా భార్యని అడిగిన మొదటి మాట, "గ్రహణం నాడు కత్తిపీట ముట్టినవా బిడ్డా?" అని. పచ్చి బాలింత వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంటూ ఏడ్చింది. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. 1980 ఫిబ్రవరి 16న మన తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు రంగాపూర్ అబ్జర్వేటరీలో టెలిస్కోపులు ఎక్కుపెట్టి చూస్తుంటే, మా ఇంట్లో కిటికీలకి దుప్పట్లు కట్టి కడుపుతో ఉన్న మా చిన్నమ్మని కదలకుండా పడుకోబెట్టారు. ఆ భయం అంత లోతుగా ఉంది కాబట్టే తేదీల లెక్క మీకు చెప్పాలి. కడుపులో బిడ్డకి పై పెదవి రెండు పక్కల నుంచి వచ్చి కలిసేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు. అంగిలి మూసుకునే పని మూడో నెల నిండేలోపు అయిపోతుంది. చాలామంది తల్లులకి నెల తప్పిందని గట్టిగా తెలిసేసరికే పెదవి పని పూర్తయి ఉంటుంది. ఐదో నెలలోనో ఏడో నెలలోనో వచ్చిన గ్రహణం, ఎప్పుడో కలిసిపోయిన పెదవిని విడదీయలేదు. అసలు కారణాలు చాలావరకు వంశంలోవీ, మొదటి వారాల్లో తల్లి ఒంట్లోవీ కలిసి పనిచేసేవి. మేనరికాల్లో ముప్పు కాస్త పెరుగుతుంది. పొగాకు, కొన్ని రకాల మూర్ఛ మందులు, ఫోలిక్ యాసిడ్ తక్కువ కావడం కూడా లెక్కలోకి వస్తాయి. ఎక్కువ కేసుల్లో ఇదే కారణమని వేలెత్తి చూపడానికి ఏదీ దొరకదు. మూర్ఛ మందులు వాడే తల్లులు వాటిని సొంతంగా ఆపకూడదు. బిడ్డ కావాలనుకున్నప్పుడే, నెల తప్పకముందే డాక్టరుతో మాట్లాడాలి. ప్రపంచంలో దాదాపు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతోంది. మీ ఇంట్లో కోడలిని ఎవరైనా కత్తిపీట గురించి అడిగితే, దయచేసి ఈ వారాల లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

ఇక ఈ అధ్యాయంలో అసలు విషయానికొస్తాను. మొర్రితో పుట్టిన బిడ్డ ముఖం ఎట్లా పెరుగుతుందన్నదే ఆ విషయం.

నాది షీట్ మెటల్ పని. బాలానగర్ షెడ్లలో ముప్ఫై ఏళ్ళుగా రేకుని కోసి, వంచి, వెల్డింగ్ పెట్టి ప్యానెల్ బోర్డులు చేస్తున్నాను. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి మేం చెప్పే మొదటి పాఠం, వెల్డింగ్ చల్లారేటప్పుడు రేకుని లాగుతుందని. అతుకు గట్టిగానే ఉంటుంది. కానీ అతుకు పడిన చోట లోహం కుంచించుకుని చుట్టుపక్కల రేకుని తన వైపు గుంజుకుంటుంది. తిన్నగా ఉన్న షీటు వంకర తిరుగుతుంది. అందుకే ఒకేచోట పొడుగ్గా లాగకుండా అక్కడొకటి ఇక్కడొకటి టాక్ కొట్టి, చల్లారనిచ్చి, మళ్ళీ కొడతాం. పళ్ళ వరస సరిచేసే డాక్టరమ్మ మా అమ్మాయి గురించి వివరిస్తున్నప్పుడు నాకు ఈ రేకే గుర్తొచ్చింది. అంగిలి మూసినప్పుడు ఎముక మీది పొరని లేపి మధ్యకి జరిపి కుడతారు. మానిన చోట మచ్చ పడుతుంది. మచ్చకి గుంజుకునే గుణం ఉంటుంది. పై దవడ ముందుకీ పక్కలకీ పెరగాల్సిన వయసులో ఆ మచ్చ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కింది దవడకి మచ్చ లేదు. అది వంశం చెప్పినట్టు తన దారిన తాను పెరుగుతుంది. పదేళ్ళు గడిచేసరికి ముక్కు పక్కన, కళ్ళ కింద బుగ్గ చదునైపోతుంది. పై పళ్ళు కింది పళ్ళ వెనక్కి వెళ్తాయి. గడ్డం ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రికి చెందిన మైకేల్ మార్స్ అనే దంత వైద్యుడు 1980లలో మన పక్కనున్న శ్రీలంకలో పనిచేశాడు. ఆపరేషన్ అందకుండానే పెద్దవాళ్ళైన మొర్రి మనుషులు అక్కడ ఎందరో ఉన్నారు. వాళ్ళ ముఖాల ఎక్స్‌రేలు కొలిస్తే, చీలిక అలాగే ఉన్నా పై దవడ మాత్రం ముందుకి బాగానే పెరిగి ఉంది. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. అంటే చాలామంది పిల్లల్లో పెరిగే శక్తి పుట్టుకతోనే ఉంది. దాన్ని తగ్గించేది ఎక్కువగా మనం చేసే రిపేరే.

మరైతే ఆపరేషన్ మానేద్దామా? కూడదు. ఆ శ్రీలంక మనుషులకి పై దవడ పెరిగింది గానీ మాట స్పష్టంగా రాలేదు. అంగిలి మూతపడకపోతే గాలి ముక్కులోంచి పోతుంది. ప, బ, త, క లాంటి అక్షరాలకి నోట్లో గాలి నిలవదు. ముఖమా, మాటా అన్న ఈ పీటముడి దగ్గర వైద్యులు వందేళ్ళ నుంచీ కొట్టుకుంటున్నారు. జర్మనీలో ష్వెకెన్‌డీక్ అనే సర్జన్ వెనకవైపు మెత్తటి అంగిలిని మాత్రం చిన్నప్పుడే మూసి, ముందువైపు గట్టి అంగిలిని పన్నెండు పదమూడేళ్ళ దాకా అలాగే వదిలేసే పద్ధతి తెచ్చాడు. ముఖాలు బాగా పెరిగాయి. మాటలు మాత్రం చాలామందికి పాడయ్యాయి. ఇప్పుడు ఎక్కువ చోట్ల అంగిలిని 9 నుంచి 18 నెలల మధ్య మూసేస్తున్నారు, మాటలు మొదలయ్యే వేళకి. 2023లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో ఐరోపా, బ్రెజిల్ ఆసుపత్రులు 558 మంది పసివాళ్ళని రెండు జట్లు చేశాయి. అంగిలి ఒక్కటే చీలిన పిల్లలు వీళ్ళు. సగం మందికి ఆరో నెలలో, సగం మందికి పన్నెండో నెలలో ఆపరేషన్ చేశారు. ఐదేళ్ళ వయసులో చూస్తే అంగిలి సరిగ్గా మూతపడక మాటకి ఇబ్బంది ఉన్నవాళ్ళు మొదటి జట్టులో 8.9 శాతం, రెండో జట్టులో 15 శాతం. మాట కోసం తొందర మంచిదే. ఆ తొందరకి ముఖం కొంత మూల్యం చెల్లించవచ్చు. ఆ మూల్యాన్ని తర్వాత పద్ధతి ప్రకారం తీర్చుకోవచ్చు. పోయిన మాటని పదిహేనేళ్ళకి తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఇక్కడ ఒక ఊరట కూడా చెప్పాలి. పెదవి మాత్రమే చీలిన పిల్లలకి ముఖం పెరుగుదలలో పెద్ద తేడా రాదు. చీలిక పెదవి నుంచి అంగిలి దాకా, ఒకవైపో రెండువైపులో పూర్తిగా సాగిన పిల్లలకే ఈ జాగ్రత్తంతా. వాళ్ళలోనూ అందరికీ దవడ వెనకబడదు. ఎవరికి పడుతుందో చిన్నప్పుడే తేల్చి చెప్పలేరు కాబట్టే చూస్తూ ఉండాలి.

ఏ సర్జన్ దగ్గరికి వెళ్ళాలి, ఏ రకం గాటు మంచిది అని చాలామంది అడుగుతారు. మన హైదరాబాద్‌లోనే గోస్లా శ్రీనివాస్ రెడ్డి బృందం ఒకవైపు పూర్తిగా పెదవి చీలిన 796 మందిలో వేర్వేరు గాట్ల ఫలితాలు పోల్చి 2008లో ప్రచురించింది. వాళ్ళు వాడే అఫ్రోజ్ గాటులో చీలిక లేని వైపు మిల్లర్డ్ పద్ధతి, చీలిక ఉన్న వైపు ఫైఫర్ పద్ధతి కలిసి ఉంటాయి. ఈ ఊళ్ళో పుట్టిన పద్ధతి దేశదేశాల వైద్య పత్రికల్లోకి ఎక్కిందంటే నాకు గర్వంగా ఉంటుంది. కానీ తల్లిదండ్రులుగా మనం గాటు పేరు కంటే ముందు అడగాల్సినవి ఇవీ: మీ దగ్గర సర్జనుతో పాటు పళ్ళ డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, చెవి డాక్టరు ఒకే చోట చూస్తారా? పదేళ్ళ తర్వాత కూడా ఈ ఫైలు ఇక్కడే ఉంటుందా? 1992లో అచ్చయిన యూరోక్లెఫ్ట్ అధ్యయనం ఐరోపాలో ఆరు కేంద్రాల పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసింది. కొద్దిమంది సర్జన్ల చేతిలో ఎక్కువ కేసులు ఉన్నచోట, పద్ధతి సాదాగా ఉన్నచోట ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. ఎక్కువసార్లు కోసిన చోట ముఖాలు మెరుగుపడలేదు. ప్రతి కోతా ఇంకో మచ్చే కదా!

పెదవి గీత కాస్త ఎత్తుగా ఉంది, ముక్కు కాస్త వాలింది అని ఏడాదికోసారి "మళ్ళీ సరిచేయండి సార్" అని వెంటపడే తల్లిదండ్రుల్ని చూశాను. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా చెప్తున్నాను, ఆగండి. ఆగడం వేరు, నేను చేసినట్టు వదిలేయడం వేరు. ఆగేవాడు ఏటా వెళ్ళి చూపిస్తాడు, కొలుస్తాడు, ఫొటో తీస్తాడు, అడుగుతాడు. కత్తి ఎప్పుడు పట్టాలో తేల్చుకోవడానికే ఆ కొలతలన్నీ.

ఇక వయసు వారీగా చెప్తాను. మొదటి ఏడాదిలో పనంతా బరువు పెంచడమే. అంగిలి చీలిన బిడ్డ రొమ్ముని గట్టిగా చప్పరించలేదు. నోట్లో గాలి నిలవదు కాబట్టి. పాలు పిండి, మన పాత ఉగ్గుగిన్నెతోనో, నొక్కితే పాలొచ్చే మెత్తటి సీసాతోనో పట్టాలి. బిడ్డని పడుకోబెట్టకుండా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టాలి. మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పు తీయాలి. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు అంటే నాలుగున్నర కిలోలు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే పెదవి ఆపరేషన్‌కి సిద్ధమన్న పాత లెక్క ఇప్పటికీ వాడుతున్నారు. చెవులు కూడా చూపించాలి. అంగిలి చీలిన పిల్లలకి చెవి లోపల నీరు చేరి వినికిడి మందగిస్తుంది. సరిగ్గా వినని పిల్లకి మాట స్పష్టంగా రాదు.

తర్వాత నాలుగేళ్ళూ ముఖం చక్కగానే కనిపిస్తుంది. నన్ను మోసం చేసింది ఆ చక్కదనమే. పసిపిల్ల తల పెద్దది, గడ్డం చిన్నది. మెదడు ఉండే పుర్రె భాగం ఐదారేళ్ళకే పెద్దవాళ్ళ సైజుకి దగ్గరపడుతుంది. తర్వాత పై దవడ, అన్నిటికంటే ఆలస్యంగా కింది దవడ. కింది దవడ ఆడపిల్లల్లో పద్నాలుగు పదహారేళ్ళ దాకా, మగపిల్లల్లో పద్దెనిమిది దాటి కూడా పెరుగుతుంది. కాబట్టి ఆరేళ్ళప్పుడు బాగున్న ముఖం పన్నెండేళ్ళకి అలాగే ఉండాలనేం లేదు. ఇంకో మాట, మీ ఇంట్లో తాతకో తండ్రికో గడ్డం పెద్దదైతే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. మా నాన్న ఫొటో చూసి డాక్టరమ్మ "ఇది నాకు మొదటి రోజే చూపించాల్సింది" అంది.

ఫొటోల విషయంలో నేను నేర్చుకున్నది చెప్తాను. ఏటా ఒకే చోట, ట్యూబ్‌లైట్ కింద, జుట్టు వెనక్కి దువ్వి, రెండు ఫొటోలు తీయండి. ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. పక్క ఫొటోలో పళ్ళు మామూలుగా కలిపి ఉంచాలి, నవ్వకూడదు. ఎదురు ఫొటోలో కనపడని మార్పు పక్క ఫొటోలో పట్టుబడుతుంది. పాల పళ్ళలోనే పై ముందు పళ్ళు కింది పళ్ళ వెనక్కి పడుతుంటే, మజ్జిగ తాగితే ముక్కులోంచి వస్తుంటే, నిద్రలో గురక మొదలైతే, తర్వాతి చెకప్ దాకా ఆగకండి.

ఎనిమిదేళ్ళకి మా ఇంట్లోకి ఒక బుల్లి తాళంచెవి వచ్చింది. మూసిన అంగిలి ఇరుకై పై పళ్ళ వరస లోపలికి మూసుకుపోయింది. దాన్ని వెడల్పు చేయడానికి పళ్ళకి బిగించిన ప్లేటు మధ్యలో ఒక స్క్రూ. దాని బొడ్డులో చిన్న చిల్లు. చిల్లులో తాళంచెవి దోపి ముందు నుంచి వెనక్కి ఒక్క పావు తిప్పు తిప్పాలి. "ఒక తిప్పుకి ఎంత జరుగుద్ది మేడమ్?" అని అడిగాను. పావు మిల్లీమీటరు అంది. అంటే పూర్తి చుట్టుకి ఒక మిల్లీమీటరు పిచ్. జీవితంలో మొదటిసారి ఒక వైద్య పరికరం నాకు పూర్తిగా అర్థమైంది. రోజూ రాత్రి అన్నం తిన్నాక పాపని మంచం మీద పడుకోబెట్టి, సెల్‌ఫోన్ టార్చి మా ఆవిడ పట్టుకుంటే, నేను తిప్పేవాణ్ణి. తిప్పిన ప్రతిసారీ కాలెండర్లో ఆ తేదీ మీద అడ్డగీత కొట్టేది పాపే. "డాడీ, ఇయ్యాల్టిది అయింది" అనేది. ముక్కు పక్కన కాస్త ఒత్తినట్టు అనిపిస్తుందని, నొప్పి లేదని చెప్పేది. డాక్టరు చెప్పిన లెక్క మించి ఒక్క తిప్పు కూడా ఎక్కువ తిప్పకూడదు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు తిప్పులు వేయకూడదు. ఫోన్ చేసి అడగాలి.

ఆ తర్వాతది చిగురులో ఎముక నింపడం. ఈ ఒక్క మెట్టు దాటిపోతే మళ్ళీ దొరకడం కష్టం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. చీలిక చిగురులో కూడా ఉంటే అక్కడ ఎముక ఉండదు. పక్కనున్న కోరపన్ను దిగడానికి నేల లేనట్టే. తుంటి ఎముక నుంచి కొంచెం మెత్తటి ఎముక తీసి ఆ సందులో నింపుతారు. 1972లో బోయ్న్, సాండ్స్ అనే అమెరికా వైద్యులు దీన్ని వివరించాక ప్రపంచమంతా పాకింది. కోరపన్ను వేరు సగం నుంచి మూడింట రెండొంతులు తయారై, పన్ను ఇంకా బయటికి రాని సమయమే దీనికి అదను. మామూలుగా 8 నుంచి 11 ఏళ్ళ మధ్య. పసితనంలోనే నింపితే దవడ పెరుగుదల దెబ్బతింటుందని పాత అనుభవాలు చెప్పాయి. పన్ను వచ్చేశాక నింపితే ఫలితం తగ్గుతుంది. కోరపన్ను ఎవరి పిల్లల్లో ఎప్పుడొస్తుందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఏడేళ్ళు నిండగానే "ఎముక ఎప్పుడు నింపుతారు?" అన్న ప్రశ్నతో వెళ్ళండి. మా పాపకి 2014లో, తొమ్మిదేళ్ళప్పుడు చేశారు. తుంటి నొప్పితో నాలుగు రోజులు కుంటింది. మరుసటి ఏడాది ఎక్స్‌రేలో ఆ కొత్త ఎముకలోంచి కోరపన్ను దిగుతుంటే, షెడ్డులో నాటిన మొక్కకి చిగురొచ్చినట్టు నేనూ మా ఆవిడా ఆ ఫిల్ముని కిటికీకి పెట్టి చాలాసేపు చూశాం.

పళ్ళు తోమించే విషయంలో గారం చేయకండి. చీలిక దగ్గరి పళ్ళు అడ్డదిడ్డంగా వస్తాయి, ఒకటో రెండో అసలు రావు. పుచ్చిన పళ్ళకి ఎవరూ వరస సరిచేసే తీగ బిగించలేరు.

అన్నిటికంటే కష్టమైనది పన్నెండు నుంచి పదిహేను దాకా ఉండే కాలం. 2018లో మా అమ్మాయికి పదమూడేళ్ళు. రెండేళ్ళలో ఒక్కసారిగా పొడుగైంది. దర్వాజ మీద గీతల మధ్య జానెడు దూరం. కింది దవడ ముందుకొచ్చింది, పై భాగం అక్కడే ఉండిపోయింది. ఒక పెళ్ళిలో బంధువు ఒకామె అందరి ముందు "ఆపరేషన్ మళ్ళీ పాడైందా?" అంది. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత మాట్లాడేటప్పుడు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎండాకాలంలో కూడా స్కార్ఫ్ తీసేది కాదు.

నేను ఒకచోటికి పరుగెత్తాను. వెంటనే దవడ కోసి ముందుకి జరుపుతామన్నారు. మా డాక్టరమ్మ వద్దంది. ఆమె చెప్పిన కారణం షెడ్డు మనిషికి ఇట్టే అర్థమయ్యేది. రెండు భాగాల్లో ఒకటి ఇంకా సాగుతుండగా రెండో దాన్ని దానికి సరిపోయేట్టు బిగిస్తే రేపు మళ్ళీ తేడా వస్తుంది. పదమూడేళ్ళకి పై దవడని కింది దవడకి సమానం చేస్తే, పదహారేళ్ళకి కింది దవడ మళ్ళీ దాటిపోతుంది. రెండోసారి కోయాలి. శ్వాసకి ఇబ్బంది ఉన్నా, తేడా మరీ ఎక్కువై పిల్ల బతుకు నరకమైపోతున్నా ముందే చేసే పద్ధతులున్నాయి. ఎముకని కోసి, స్క్రూలతో రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. మిగతావాళ్ళు ఎదుగుదల ఆగేదాకా ఓపిక పట్టాలి.

ఆ ఓపిక పట్టాల్సింది పిల్ల. అందుకే ఆమెకి నిజం చెప్పాలి. "ఏం కాలేదమ్మా, అందంగానే ఉన్నావు" అన్న మాట నేను వందసార్లు చెప్పాను, ఒక్కసారీ పనిచేయలేదు. అద్దం ఆమె దగ్గరా ఉంది. పనిచేసింది ఏమిటంటే, ఆమెని డాక్టరు గదిలో నా పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఎక్స్‌రే ఆమె చేతికే ఇచ్చి, ఏది ఎందుకు వెనకబడిందో, ఎప్పుడు సరిచేస్తారో ఆమెకే చెప్పించడం. ఆ రోజు నుంచి అది ఆమె ముఖం, ఆమె ప్లాన్. ఇంకోసారి ఎవరో అడిగితే, "పైది మెల్లగా పెరుగుతది ఆంటీ, పదిహేడేళ్ళకి సరిచేస్తరు" అని తనే చెప్పింది. పిల్లలకి ఇలాంటి ఒక్క వాక్యం ఇంట్లోనే సాధన చేయించండి. పొడుగు వివరణ వద్దు, ఏడుపు వద్దు, పోట్లాట వద్దు. వాక్యం చెప్పి మాట మార్చేయడం. స్కూల్లో టీచరుకి ఏటా జూన్‌లో మీరే వెళ్ళి ఐదు నిమిషాలు చెప్పండి. పేర్లు పెట్టి పిలవడం ఆపాల్సింది పెద్దవాళ్ళు, ఆ భారం పిల్ల మీద వేయకూడదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి చెకప్‌లు ఆగిపోయాయి. గీత మాత్రం ఆగలేదు. 2021 గీత పాత గీత మీదే పడ్డాక, ఆరు నెలల తేడాతో తీసిన రెండు పక్క ఎక్స్‌రేలు కూడా ఒకేలా వచ్చాక, 2022 ఎండాకాలంలో పై దవడని ఏడు మిల్లీమీటర్లు ముందుకి జరిపి చిన్న ప్లేట్లు, స్క్రూలు బిగించారు. ఏడు మిల్లీమీటర్లంటే మా పనిలో చాలా దూరం. ఆపరేషన్‌కి ముందు స్పీచ్ థెరపిస్టు ఒక పేరా చదివించి రికార్డు చేసింది. దవడ ముందుకెళ్తే మెత్తటి అంగిలి కూడా దాంతోపాటు ముందుకెళ్తుంది, కొందరికి ముక్కుతో మాట్లాడడం పెరుగుతుంది. ఈ పరీక్ష చేయకుండా దవడ జరుపుతామంటే ఒప్పుకోకండి. ముక్కు సరిచేయడం దీని తర్వాతే. పునాది కదిలించే ముందు గోడకి పూత పూయరు.

ఖర్చు గురించి. పెదవి, అంగిలి ఆపరేషన్లు ఉచితంగా చేసే దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఆరోగ్యశ్రీ ఉంది, స్మైల్ ట్రెయిన్ లాంటి సంస్థలు డబ్బు భరించే ఆసుపత్రులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మొర్రి కూడా ఉంది. పద్దెనిమిదేళ్ళ దాకా వర్తిస్తుంది. అంగన్‌వాడీకి వచ్చే ఆ డాక్టర్ల బృందానికి చూపిస్తే జిల్లా కేంద్రానికి రాసి పంపుతారు. మా బాలానగర్ షెడ్లలో ఈఎస్ఐ కార్డున్న వాళ్ళు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో ముందుగా అడగాలి. జీతం 21,000 లోపు ఉన్న కార్మికుడి కుటుంబానికి ఆ హక్కుంది. దంతాల పనికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. చాలామంది తడబడేది ఏళ్ళ తరబడి సాగే తీగల ఖర్చు దగ్గర. మొదటి ఆపరేషన్ ఉచితమని చెప్పిన రోజే, "పళ్ళ వరసకి, ఎముక నింపడానికి, దవడకి కూడా ఇక్కడే చూస్తారా, ఎంతవుతుంది?" అని అడిగి ఫైలు మీద రాయించుకోండి. ఒకరోజు జీతం పోతుందని చెకప్ మానుకోకండి. 2017 నవంబరులో మెట్రో వచ్చాక మా చెకప్‌లు పూటలో తేలిపోయేవి. అంతకుముందు నర్సాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి నిలబడి నేను ఎగ్గొట్టిన తేదీలు రెండున్నాయి, ఫైలులో ఖాళీగానే ఉన్నాయి.

పోయిన నెల మా పక్క షెడ్డులో పనిచేసే కుర్రాడు, భార్య, నలభై రోజుల బాబుని ఎత్తుకుని మా ఇంటికొచ్చారు. రెండువైపులా చీలిక. ఆ అమ్మాయి కొంగుతో బాబు ముఖం కప్పి పట్టుకుంది. మా అమ్మాయి ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగం, అప్పుడే ఇంటికొచ్చింది. బ్యాగు కింద పెట్టి, చేతులు కడుక్కుని, బాబుని అడిగి తీసుకుంది. కొంగు పక్కకి జరిపింది. "ఎన్ని ఆపరేషన్లు అక్కా?" అని ఆ తల్లి అడిగింది. మా అమ్మాయి వేళ్ళ మీద లెక్కపెట్టి నాలుగు చెప్పింది, నీ బాబుకి ఒకటి రెండు ఎక్కువ కావచ్చు అంది. తర్వాత పాలు ఎట్లా పడుతున్నావని అడిగింది. సీసాతో, పడుకోబెట్టి, అంది ఆ అమ్మాయి. మా ఆవిడ లోపలికెళ్ళి అటక మీది డబ్బాలోంచి ఉగ్గుగిన్నె తీసి వేడినీళ్ళలో వేసింది.